తొమ్మిది వేల అడుగుల ఎత్తున ఎర్ర తోక

మా మేనకోడలు సింధు విమానం నడుపుతుంది. రెక్కలకు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, డెబ్బై మంది పడతారు. అందులో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు తనది. మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం బెంగళూరు నుంచి గన్నవరం వస్తుండగా, అద్దంకి దగ్గర తొమ్మిది వేల అడుగుల ఎత్తున వాళ్ళిద్దరికీ ఆకాశంలో ఒక వస్తువు కనిపించింది. విమానం కాదు, పక్షి కాదు, డ్రోన్ కాదు. రాడార్‌లో దాని జాడ లేదు. "అదేమిటి?" అని ముందు అడిగింది కెప్టెనే. దిగాక సింధు చూసింది చూసినట్టు రిపోర్టు రాసింది. కెప్టెన్ మాత్రం నేనేమీ చూడలేదన్నాడు.

అంతే, సింధును విమానం ఎక్కకుండా ఆపేశారు. కళ్ళకు పరీక్షలు, మనసుకు పరీక్షలు చేయించి, డాక్టర్ల బోర్డు ముందు హాజరు కమ్మన్నారు. పొరబడ్డాను, ఎండ మెరుపై ఉంటుంది అని ఒక కాగితం రాసిస్తే బోర్డూ గీర్డూ లేకుండా మళ్ళీ డ్యూటీలో చేర్చుకుంటారని పైవాళ్ళొకరు చెవిలో ఊదారట. తను రాయనంది.

మా చెల్లెలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నీ మాటయితే వింటుంది, ఆ కాగితమేదో రాసిమ్మని చెప్పు అన్నయ్యా అంది. నేను సింధుకు ఫోన్ చేశాను. మాట్లాడిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అద్దం మీద ఎండ పడిందేమోనమ్మా, ముందురోజు సరిగ్గా నిద్రపోయావా?" అని అడిగాను. "సరే మావయ్యా, ఉంటాను" అని పెట్టేసింది.

ముప్పై ఏళ్ళు నేను చేసింది అనుమానించే ఉద్యోగం. గుంటూరు చుట్టుపక్కల పత్తి మిల్లుల్లో, మిరపకాయల కోల్డ్ స్టోరేజీల్లో మంటలు లేస్తే బీమా కంపెనీ తరఫున వెళ్ళి, ఆ మంట దానంతటది అంటుకుందా, ఎవరైనా అంటించారా అని తేల్చేవాణ్ణి. ఏడుస్తున్న మనిషి కళ్ళకేసి కాకుండా చేతులకేసి చూడటం అక్కడే అలవాటైంది. రిటైరై ఆరేళ్ళయింది, అలవాటు మాత్రం రిటైర్ కాలేదు. పాలబ్బాయి నవ్వితే పాలలో నీళ్ళెన్ని కలిపాడోనని చూస్తానని మా ఆవిడ దెప్పుతుంది. సింధు విషయంలోనూ అదే జరిగింది. రెండేళ్ళలో రిటైరయ్యే కెప్టెన్ గొడవెందుకని అబద్ధమాడి ఉండొచ్చు. కానీ పిల్ల పొరబడి కూడా ఉండొచ్చు కదా. తనకు సాక్ష్యం వెతకడానికి వెళుతున్నానని అందరికీ చెప్పాను. నిజానికి నేను వెళ్ళింది తనను పరీక్షించడానికి.

చెల్లెలు పంపిన రిపోర్టును నాలుగుసార్లు చదివాను. ఏ సమయానికి, ఏ చోట, ఎంత ఎత్తున అన్నీ ఉన్నాయి. చివర ఇలా ఉంది: వెండి రంగు, చాలా పొడుగు, పాములా మెలికలు తిరుగుతూ పైకి లేస్తోంది, రెక్కలు లేవు, ఒక కొసన ఎర్రటి తోక ఉంది. ఈ ఎర్ర తోక దగ్గరే డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. నా వృత్తిలో ఒక నియమముంది. తెలిసిన వివరాలన్నిటిలో ఒక్కటి మన దగ్గరే దాచుకోవాలి. సాక్షి తనంతట తాను అది చెబితే చూసినట్టు, చెప్పకపోతే కోతలు కోసినట్టు. ఎర్ర తోక సంగతి ఎవరి దగ్గరా ఎత్తకూడదనుకున్నాను.

బోర్డుకు ఇంకా నాలుగు రోజులుందనగా, ఉదయం ఆరుంబావుకు విజయవాడలో ఒంగోలు వైపు వెళ్ళే బండెక్కాను. సెకండ్ సిట్టింగ్ టికెట్ వంద రూపాయల లోపే. ఈ రూట్లో వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ తీసుకోకండి, తెనాలి దాటేసరికి మొహం మీద ఎండ పడుతుంది. నాకు ఎడమవైపే దొరికింది. తెనాలిలో ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాను. వేడిగానే ఉంది, చట్నీ నిన్నటిదేమోనని వదిలేశాను.

ఎదుటి సీట్లో సింగరాయకొండ నరసింహస్వామి మొక్కు తీర్చుకోవడానికి వెళుతున్న ఒక కుటుంబం ఉంది. నేను ఒళ్ళో మ్యాప్ పరిచి రిపోర్టులోని చోటికి పెన్సిలుతో చుట్టు గీస్తుంటే, ఆ ఇంటి పెద్దాయన పొలాలేమైనా కొంటున్నారా అని అడిగాడు. లేదండీ, ఊరికే చూసివద్దామని అన్నాను. "చూసివచ్చే వాళ్ళు మ్యాపులూ పెన్సిళ్ళూ తెచ్చుకోరు కదండీ" అన్నాడాయన. కొత్త రోడ్డుకు భూములు తీసుకునే సర్వే వాళ్ళలో నేనొకణ్ణని ఆయన తేల్చుకున్నట్టుంది. కాసేపటికి తన సంచీని నా వైపు నుంచి కిటికీ వైపుకు మార్చుకున్నాడు. నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ మార్చేవాణ్ణి.

ఏడున్నర దాటాక చీరాలలో జీడిపప్పు అమ్మే ఆమె ఎక్కింది. నలభై ఏళ్ళుంటాయి, భుజాన పెద్ద సంచీ. వేటపాలెం పప్పండీ, పావు కేజీ పొట్లాలు అంటూ వచ్చింది. ఒకటి తీసుకున్నాను. అలవాటుకొద్దీ అరచేతిలో పెట్టి పైకీ కిందికీ తూచి చూశాను. "తక్కువనిపిస్తే వెనక్కిచ్చెయ్యండి బాబాయిగారూ, నా చెయ్యీ తూకం వేసే చెయ్యే" అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. డబ్బులిచ్చి పొట్లం సంచీలో వేసుకున్నాను.

ఎనిమిదీ నలభైకి ఒంగోలు. తొమ్మిది పదికి అద్దంకి వెళ్ళే పల్లెవెలుగు బస్సు దొరికింది. మద్దిపాడు, మేదరమెట్ల మీదుగా గంటంబావు ప్రయాణం. మేదరమెట్ల దాకా హైవే కాబట్టి కుదుపుల్లేవు. ఆ తరవాత రెండు వైపులా నల్లరేగడి పొలాలు కాపులన్నీ అయిపోయి, నెర్రెలిచ్చి ఎండకు పడి ఉన్నాయి. అక్కడక్కడా పొలాల్లో నీళ్ళు నిలిచినట్టు తెల్లగా మెరుస్తోంది. మే నెలలో ఇన్ని నీళ్ళెక్కడివా అనుకున్నాను కానీ అప్పుడు ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే సగం పని బస్సులోనే అయిపోయేది.

అద్దంకిలో బస్టాండుకు దగ్గర్లోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను తిరుగుతుంది, నీళ్ళు వస్తాయి, అంతకుమించి ఆశించకూడదు. రిజిస్టరులో "వచ్చిన పని" అన్నచోట "సొంత పని" అని రాస్తే, కౌంటర్లో మనిషి అది చదివి నా మొహంలోకి చూసి, ఆధార్ జిరాక్సు రెండు కాపీలడిగాడు.

బయట ఆటో డ్రైవర్‌ని, మ్యాప్‌లో నేను గీసిన చుట్టులో పడ్డ గుండ్లకమ్మ ఏటి ఒడ్డు ఊళ్ళ గురించి అడిగాను. ఫలానా మంగళవారం అటు వైపు వింతగా ఏమైనా జరిగిందా అంటే కాసేపు ఆలోచించాడు. వింతేమీ లేదని, ఒక ఊళ్ళో మాత్రం ఆ రోజు మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ పేలి రెండు రోజులు కరెంటు లేదని చెప్పాడు. ఎన్నింటికి పేలిందన్నాను. రెండూ రెండున్నర మధ్య అన్నాడు. సింధు రిపోర్టులో సమయం రెండూ నలభై. ఆ ఊరికే పోనిమ్మన్నాను. ఊరి పేరు ఇక్కడ రాయను, మనుషుల పేర్లు కూడా మార్చి రాస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పదకొండూ నలభైకి ఊళ్ళో దిగాను. టీ కొట్టు దగ్గర రేకుల నీడన ఆరేడుగురు కూచుని ఉన్నారు. టీ చెప్పి, ఆ మంగళవారం ఆకాశంలో ఎవరికైనా ఏదైనా కనపడిందా అని అడిగాను. "ఏరా, ఎవరీయన?" అని ఒకడు పక్కవాణ్ణి నా ముందే అడిగాడు. నేను సెల్‌ఫోన్‌లో యూనిఫారంలో ఉన్న సింధు ఫోటో చూపించి, సంగతంతా చెప్పాను, తోక ఒక్కటీ తప్ప. ఫోటో చేతులు మారింది. ఎవరి ఫోటో అయినా ఎవరైనా చూపించుకోవచ్చు గదా అని ఎవరో అనడం వినిపించింది.

ఒక మనిషి మాత్రం నేను చూశానండీ అని ముందుకొచ్చాడు. మూడు లైట్లు వాళ్ళ పొలం మీద కాసేపు ఆగి, తరవాత ఒంగోలు వైపు వెళ్ళిపోయాయట. రంగులేమిటని అడిగాను. ఒకటి పచ్చ, రెండు నీలం అన్నాడు. మిట్టమధ్యాహ్నం పచ్చ లైటు ఎలా కనపడిందని అడగలేదు. నోటుబుక్కులో రాసుకున్నట్టు రాసుకుని కొట్టేశాను.

చివరికి కొట్టు యజమాని గ్లాసు కడుగుతూనే, "మీరు కరెంటాఫీసు తరఫున వచ్చారా ఏంది? సూటిగా చెప్పండి" అన్నాడు. కాదని ఒట్టేసినంత పని చేశాక అసలు సంగతి కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. ఆ రోజు తీగల మీద మల్చింగ్ షీటు ముక్క పడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు రోజులు మంచినీళ్ళ ట్యాంకు మోటారు తిరగక ఊరంతా బిందెలు పట్టుకుని ఏటికి నడిచింది. ఆ షీటు ఎవరిదో తెలియదు. ఊళ్ళో పద్నాలుగు మంది దగ్గర అదే షీటుంది. పద్నాలుగు మందీ మాది కాదన్నారు. అప్పటినుంచి ఒకరినొకరు ఓరచూపులు చూసుకుంటున్నారు. ఇప్పుడు ఆ రోజు గురించే అడుగుతూ నేను దిగాను.

షీటంటే ఏమిటో చూపించమన్నాను. కొట్టు వెనక కాలి గొంగళిపురుగులా ముడుచుకుపోయిన ముక్క ఒకటి పడి ఉంది. పైన వెండి రంగు, అడుగున నలుపు. మిరప నాటేముందు మడి పొడుగునా ఈ పల్చటి ప్లాస్టిక్ పరిచి, బెజ్జాలు చేసి మొక్కలు పెడతారు. కలుపు రాదు, తేమ పోదు, వెండి మెరుపుకు తెగుళ్ళు తెచ్చే పురుగు దగ్గరికి రాదు. కాపు అయిపోయాక మే నెలలో పీకి చుట్ట చుట్టేస్తారు. ఒక్కో సాలు మీద నూరూ నూటయాభై గజాల పొడుగుంటుంది. పొద్దున బస్సులోంచి నేను నీళ్ళనుకున్నవి ఇవే.

సింధు రాసిన వెండి పాము ఇదేననిపించింది. వెంటనే రెండో బుద్ధి పని చేసింది. ప్లాస్టిక్ కాగితం తొమ్మిది వేల అడుగుల ఎత్తుకు పోతుందా? వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన స్నేహితుడికి ఫోన్ చేశాను. మే నెల మధ్యాహ్నం నల్లరేగడి మీద వేడిగాలి పది వేల అడుగులు కూడా దాటుతుందని, గద్దలు రెక్క ఆడించకుండా అంతెత్తుకు పోయేది ఆ గాలి మీదేనని, సుడిగాలి పైకి లేపిన పల్చటి షీటును అది అందుకుంటే ఇక ఎక్కడ దింపుతుందో చెప్పలేమని అన్నాడు. అయితే తోక? షీటుకు ఎరుపెక్కడిది? ఆ ప్రశ్న అతణ్ణి అడగలేదు.

ఒంటిగంటకు గొడుగు వేసుకుని పొలాల వైపు నడిచాను. బుద్ధున్నవాడెవడూ మే నెలలో ఆ పని చేయడు, మీరు చేయకండి. ఏటి ఒడ్డు పొలాలకు అడవి పందుల బెడద ఉంది. అందుకని గట్ల పొడుగునా కర్రలు పాతి, పాత చీరలు కంచెగా కట్టారు. పసుపు, నీలం, పువ్వులవి, జరీ అంచువి వరసగా గాలికి ఊగుతున్నాయి. మనిషి నిలబడ్డట్టు కనిపించి పందులు వెనక్కి పోతాయట. నేను ఒక్కో కంచె చూసుకుంటూ నడిచాను. ఒక పొలం దగ్గర వరసలో ఒక చీర లేదు. రెండు కర్రల మధ్య కొత్తగా కొట్టిన కంపమండ అడ్డం పెట్టి ఉంది. కంప ఆకులు ఎండినా ఇంకా రాలలేదు. సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీసుకున్నాను. పాత కంచెలో కొత్త కంప ఎందుకొచ్చిందనే ప్రశ్నతోనే నా జీతమంతా సంపాదించాను.

వేపచెట్టు కింద ఆలుమగలిద్దరున్నారు. ఆయన కోటయ్య, నలభై అయిదేళ్ళుంటాయి. ఆవిడ రమణమ్మ. షీటు గురించి అడగ్గానే కోటయ్య, మాది మొత్తం చుట్టి ఇంట్లో పెట్టాం అన్నాడు. నేను ఇంకా ఎవరిదని అడగనే లేదు. కంచెలో చీర ఏమైందన్నాను. చినిగిపోతే తీసేశామన్నాడు. ఆవిడ మాత్రం చేతిలో ఉన్న గడ్డిపరకను తుంచుతూనే ఉంది. "ఎవరండీ మీరు? ఎవరు పంపితే వచ్చారు? మా పొలంలో మీకేం పని?" అని కోటయ్య లేచి నిలబడ్డాడు. సింధు సంగతి చెప్పాను. విన్నాడు, నమ్మినట్టు లేడు. మోటారు చూసుకోవాలని విసురుగా వెళ్ళిపోయాడు.

రమణమ్మ కుండలోంచి మజ్జిగ వంచి ఇచ్చింది. ఎండలో నా మొహం చూసి జాలిపడినట్టుంది. ఆ అమ్మాయికి ఎన్నేళ్ళని అడిగింది. ఇరవై ఎనిమిదన్నాను. ఒక్కతే నడుపుద్దా అంది. ఇద్దరుంటారు, రెండో ఆయన చూడలేదంటున్నాడని చెప్పాను. "చూసి కూడానా?" అంది. చూసే అన్నాను. ఆవిడ చాలాసేపు మోటారు వైపు చూస్తూ కూచుంది. నేను గ్లాసు కింద పెట్టి, ఏమీ అడగకుండా ఊరుకున్నాను. ఇలాంటప్పుడు అడిగితే చెడిపోతుంది.

"షీటు మాదేనండీ" అంది చివరికి. "కొస పట్టుకుని పీకతా ఉన్నాం. అన్నానికి కూచోబోతా, గాలికి కొట్టుకోకుండా ఉంటదని ఈయన ఆ కొసను కంచె చీరకు రెండు చోట్ల ముడేశాడు. చుట్టేసి తిందామయ్యా అన్నా, వినలా. గిన్నె మూత తీశామో లేదో ఏటి వైపు నించి సుడిగాలి వచ్చింది. సగం తెగి తీగల మీద పడింది. మిగతా సగం పైకి పోయింది. దాంతోపాటు నా చీర కూడా పోయింది."

"ఏ చీరమ్మా?"

"ఎర్రదండీ. మా ఆడబిడ్డ పెట్టింది. నాకు అసలు నచ్చలా, పందులకైనా పనికొస్తదని కట్టా."

నేను సంచీలోంచి రిపోర్టు కాగితం తీశాను. చివరి వాక్యం తెలుగులో చదివి వినిపించాను. ఒక కొసన ఎర్రటి తోక ఉంది. ఇంకోసారి చదవమంది, చదివాను. ఆవిడ తల పైకెత్తి ఆకాశంలోకి చూసింది. తెల్లటి ఎండ తప్ప అక్కడేమీ లేదు.

"అంత ఎత్తుకు పోయిందా నా చీర?" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సింధు ఒక్క ముక్క కూడా కల్పించలేదు. గంటకు నాలుగైదు వందల కిలోమీటర్ల వేగంతో పోతూ, నాలుగైదు క్షణాలు కనపడి మాయమైన దాన్ని, నచ్చని చీర రంగుతో సహా రాసింది. ముప్పై ఏళ్ళ నా సర్వీసులో ఇంత ఖచ్చితమైన సాక్షి ఒక్కరూ తగల్లేదు.

కోటయ్య తిరిగొచ్చేసరికి ఆవిడ చెప్పేసిందని నా మొహం చూసే గ్రహించాడు. ఇదే సంగతి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమని నేను బతిమాలాను. ఆయన మండిపడ్డాడు. "మీ అమ్మాయి ఉద్యోగం నిలబడటానికి నేను ఊళ్ళో తలదించుకు తిరగాలా? ఏటికి బిందెలు మోసిన ప్రతి ఆడమనిషీ మా ఇంటి మీదికి వస్తది" అన్నాడు. కంచె ఫోటో ఉంది కాబట్టి బెదిరించవచ్చు. ఉద్యోగంలో ఉండగా ఆ పని చాలాసార్లు చేశాను. ఆ ఎండలో, వాళ్ళ మజ్జిగ తాగి, చేయబుద్ధి కాలేదు. సెల్‌ఫోన్ తీసి ఆ ఫోటో ఆయన ఎదుటే చెరిపేశాను. ఆయన దాన్ని కూడా నమ్మలేదు, ఇంకోటి దాచి ఉంటాననుకున్నాడు.

నేను గట్టు దాకా వచ్చాక రమణమ్మ వెనకే వచ్చి ఒక గుడ్డముక్క చేతిలో పెట్టింది. చీర చినగగా కర్రకు మిగిలిన ఎర్ర పీలిక, దానికి ఒక ముడితో మిగిలిన వెండి షీటు జానెడు. ఆ రోజు నుంచి గడ్డివాములో దాచిందట. ఎక్కడిదో చెప్పకుండా చూపించుకొమ్మంది. పేరూ ఊరూ లేని గుడ్డపీలికను ఏ బోర్డు నమ్ముతుందమ్మా అని నోటిదాకా వచ్చింది. పీలికను మడిచి సంచీలో పెట్టుకుని, రేపటిదాకా అద్దంకి లాడ్జిలో ఉంటానని చెప్పాను.

నాలుగింటికి అద్దంకి చేరి, ఒక మెస్సులో మిగిలిన పప్పూ గోంగూరతో అన్నం తిన్నాను. ఆకలి మీద ఉన్నానో, గోంగూర మహిమో, చాలా బాగుంది. సింధుకు ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకుని మానేశాను. ఆశ పెట్టి కాగితం లేదని చెప్పడం ఎందుకు?

మర్నాడు ఉదయం ఏడింటికి లాడ్జి మనిషి తలుపు కొట్టాడు. కింద కోటయ్య మోటారు సైకిలు మీద కూచుని ఉన్నాడు. జేబులోంచి స్కూలు నోటుబుక్కులోంచి చించిన కాగితం తీశాడు. షీటు, ముడి, సుడిగాలి, ఎర్ర చీర, సమయం అన్నీ రాసి, కింద పూర్తి పేరు, సంతకం, ఫోన్ నంబరు. నేను ఆయన చేతులకేసి చూశాను. అవి వణకడం లేదు.

"నిన్న సాయంత్రం రచ్చబండ దగ్గర చెప్పేశానండీ, షీటు నాదేనని" అన్నాడు.

"ఏమన్నారు?"

"తిట్టారు. మా బాబాయి ముందు చెయ్యెత్తాడు కూడా. తిట్టటం అయ్యాక అందరూ కూచుని, చీర ఎన్ని అడుగులు పోయిందో చెప్పమన్నారు. రెండోసారీ చెప్పించుకున్నారు."

ఎందుకు చెప్పావని అడిగాను. ఆయన బండి స్టార్ట్ చేస్తూ, ఇంటావిడ నిన్న పొలంలో అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదండీ అన్నాడు. కరెంటాఫీసుకు కూడా తానే వెళ్ళి చెప్పుకుంటానన్నాడు. అందాకా ఆ ఊరి పేరు రాయడం నాకు న్యాయం కాదు.

ఎనిమిదింటి బస్సుకు ఒంగోలు వచ్చి, పదిన్నరకు విజయవాడ బండెక్కాను. ఈసారి నీడవైపు సీటు. బండి కదలగానే కాగితమూ గుడ్డపీలికా ఫోటోలు తీసి సింధుకు పంపి, ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. జరిగిందంతా చెప్పాను.

"మావయ్యా, నువ్వు నన్ను నమ్మిందెప్పుడు?" అని అడిగింది.

మొదటి నుంచీ నమ్మానని చెప్పడానికి నోరు తెరిచాను. ఉన్నది ఉన్నట్టు రాసి ఉద్యోగం మీదికి తెచ్చుకున్న పిల్లతో ఆ అబద్ధం ఆడలేకపోయాను. "నిన్న మధ్యాహ్నమేనమ్మా. ఆవిడ ఎర్ర చీర అన్నాక" అన్నాను.

"నన్ను నేను నమ్మిందీ ఆ మాట విన్నాకేనేమో మావయ్యా" అంది సింధు. "నువ్వు నిద్రపోయావా అని అడిగిన రోజు నుంచీ నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా ఎరుపు చూశానా అని కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ చూసుకునేదాన్ని. ఒక్కోసారి కనపడేది కాదు. వాళ్ళడిగిన కాగితం రాసి పెట్టాను. ఇవాళ సాయంత్రం ఇద్దామని." ఆగి, "చించేస్తున్నా" అంది. కాగితం చినిగిన చప్పుడు నాకు ఫోన్‌లో వినిపించింది.

డాక్టర్లు అనుమానించారు, కంపెనీ అనుమానించింది, వాళ్ళెవరూ తన కళ్ళ మీద తనకున్న నమ్మకాన్ని చెడగొట్టలేకపోయారు. నేను ఒక్క ప్రశ్నతో చెడగొట్టాను. నేను మావయ్యను కాబట్టి ఆ ప్రశ్న లోపలిదాకా పోయింది. చాలా బాధనిపించింది. ఇంతకాలం అనుమానం వల్ల ఎదుటివాడి అబద్ధమే బయటపడుతుందని అనుకుంటూ వచ్చాను. నిజం చెప్పేవాడి చేత అది అబద్ధం రాయించగలదని అరవై నాలుగేళ్ళకు, పల్లెవెలుగు బస్సూ ప్యాసింజరు కంపార్టుమెంటూ ఎక్కి దిగితే తెలిసింది.

చీరాలలో జీడిపప్పు ఆమె ఎక్కింది. నన్ను గుర్తుపట్టి, చేత్తో తూచే బాబాయిగారు కదా, తక్కువొచ్చిందా అని నవ్వింది. సంచీలో పొట్లం విప్పనే లేదని చెప్పాను. నా ఒళ్ళో ఉన్న ఎర్ర పీలిక చూసి అదేమిటని అడిగింది. మామూలుగా అయితే ఏమీ లేదని సంచీలో పెట్టేసుకునేవాణ్ణి. ఎందుకో మొత్తం చెప్పాను. పంది కంచె, సుడిగాలి, తొమ్మిది వేల అడుగులు, విమానంలో మా అమ్మాయి. ఆమె సంచీ దింపి, సీటు అంచున కూచుని విన్నది. అయ్యాక నా కళ్ళకేసి చూడలేదు, చేతులకేసి చూసింది.

"మీరు నా పొట్లం నమ్మలేదు. నేను మీ చీర నమ్మాలా?" అంది.

గుడ్డపీలిక ఆమెకు అందించాను. ఆమె దాన్ని తీసుకుని, నేను పొట్లాన్ని తూచినట్టే అరచేతిలో పెట్టి పైకీ కిందికీ తూచింది. ముడి వేలితో తడిమి చూసింది. బాపట్ల వస్తుండగా దాన్ని జాగ్రత్తగా మడిచి నాకు ఇచ్చేసి, సంచీ భుజాన వేసుకుంటూ, "అంతెత్తుకు పోయే ఉంటదిలేండి" అంది.